వంటింటి వైపు నుంచి వెళ్దాం

(పశ్చిమ లండన్‌లో ప్రత్యేక అవసరాలున్న పిల్లల తెలుగు తల్లిదండ్రుల సమావేశంలో ఒక ఉపాధ్యాయురాలు చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. పిల్లలు పక్క గదిలో ఆడుకుంటున్నారు. మధ్యలో ఎవరైనా ఇటు పరుగెత్తుకొస్తే రానివ్వండి. నేను మాట్లాడుతూనే ఉంటాను, మీరు కంగారుపడి లేవనక్కరలేదు.

ఈ దేశంలో ఊళ్ళకు దూరంగా, పెద్ద తోటల మధ్య కట్టుకున్న పాత ప్రభువుల భవంతులు వందల సంఖ్యలో ఉన్నాయి. కంట్రీ హౌస్ అంటారు. వాటిలో చాలా వాటిని నేషనల్ ట్రస్ట్, ఇంగ్లిష్ హెరిటేజ్ వంటి సంస్థలు చూసుకుంటూ జనానికి తెరిచి ఉంచుతున్నాయి. బడి నుంచి పిల్లలను అలాంటి ఇళ్ళకు తీసుకువెళ్ళడం నా ఉద్యోగంలో భాగం. ఆటిజం ఉన్నవారు, డౌన్ సిండ్రోమ్ ఉన్నవారు, వీల్‌చైర్ వాడేవారు, మాటలు రానివారు, అందరూ వస్తారు. కానీ శని, ఆదివారాల్లో అవే ఇళ్ళకు నేను సొంతంగా వెళ్ళినప్పుడు మన తెలుగు కుటుంబాలు చాలా కనిపిస్తాయి, వాటిలో మన ఈ పిల్లలు మాత్రం కనిపించరు. వాళ్ళు అమ్మతోనో నాన్నతోనో ఇంట్లో ఉంటారు. మిగతా కుటుంబం వెళ్ళి ఫోటోలు తీసుకుని వస్తుంది.

ఎందుకని అడిగితే మొదట చెప్పే మాట ఒకటే. "అక్కడ అన్నీ అద్దాలు, పింగాణీ సామాన్లు. మా వాడు ఒక్క చోట నిలబడడు. ఏదైనా పగిలితే?" ఇది న్యాయమైన భయం. దీనికి దారులున్నాయి, చెబుతాను. కాసేపు కూర్చుని కాఫీ తాగాక రెండో మాట బయటికి వస్తుంది. "అందరూ మావైపే చూస్తారండీ." అసలు భయం ఇది. దీనికి పరికరాలు లేవు. అందుకే ముందు దీని గురించే మాట్లాడతాను.

ఇలాంటి ఇళ్ళలో ఇలాంటి పిల్లలు ఎప్పుడూ ఉన్నారు. ఇద్దరి సంగతి చెబుతాను.

నార్ఫోక్‌లో శాండ్రింగ్‌హామ్ అని రాజకుటుంబపు భవంతి ఉంది. ఐదవ జార్జి చక్రవర్తి కడగొట్టు కొడుకు జాన్ 1905లో పుట్టాడు. చిన్నతనంలోనే మూర్ఛలు వచ్చాయి. చివరి సంవత్సరాల్లో అతన్ని పెద్ద భవంతిలో కాకుండా అదే ఎస్టేటులోని వుడ్ ఫామ్ అనే ఇంట్లో ఉంచారు. దాది షార్లెట్ బిల్ వెంట ఉండి కనిపెట్టుకుని చూసింది. 1919 జనవరిలో, పదమూడేళ్ళ వయసులో, నిద్రలో మూర్ఛ వచ్చి అక్కడే పోయాడు. ప్రేమ లేక పంపారని నేను అనను. తల్లికి ఆ బిడ్డ మీద మమకారం ఉండేదనే చరిత్ర చెబుతోంది. అయినా అన్నదమ్ములు ఉన్న ఇంటికి దూరంగా, వేరే ఇంట్లో అతని బాల్యపు చివరి సంవత్సరాలు గడిచాయి. చక్రవర్తి ఇంట్లో కూడా అలా జరిగింది.

రెండోవాడు ఆర్థర్ మెక్‌మరో కావనా. ఐర్లండ్‌లో కార్లో కౌంటీలోని బోరిస్ హౌస్‌లో 1831లో పుట్టాడు. పుట్టుకతోనే కాళ్ళూ చేతులూ సరిగా ఏర్పడలేదు, మొదళ్ళు మాత్రమే ఉన్నాయి. ఆ తల్లి, లేడీ హారియెట్, బిడ్డను దాచలేదు. బొమ్మలు వేయడం నేర్పించింది, రాయడం నేర్పించింది, ప్రత్యేకంగా చేయించిన జీనుకు పట్టీలతో కట్టి గుర్రం ఎక్కించింది. అతను అన్నతో, గురువుతో కలిసి రష్యా, పర్షియాల మీదుగా మన దేశం దాకా వచ్చాడు. ఔరంగాబాద్ ప్రాంతంలో ఈస్ట్ ఇండియా కంపెనీకి గుర్రం మీద ఉత్తరాలు చేరవేసే ఉద్యోగం చేశాడు. ఔరంగాబాద్ అప్పటికి నిజాం రాజ్యంలోది. మన దక్కను నేల మీద, కాళ్ళూ చేతులూ లేని మనిషి గుర్రం మీద తపాలా తెచ్చాడు! తరువాత ఐర్లండ్ తిరిగి వెళ్ళి ఎస్టేటు చూసుకున్నాడు, 1866 నుంచి 1880 దాకా బ్రిటన్ పార్లమెంటులో సభ్యుడిగా ఉన్నాడు. ఆయన రాజకీయాలు భూస్వాముల పక్షం, వాటితో నాకు పొత్తు లేదు. నాకు ముఖ్యం ఆ తల్లి. నలుగురూ ఏమనుకుంటారని ఆమె ఆగి ఉంటే ఆ పిల్లవాడు మేడ మీద గదిలోనే ఉండిపోయేవాడు.

కాబట్టి ఆ గుమ్మంలో మన పిల్లలు కొత్తవాళ్ళు కాదు. అక్కడికి వెళ్ళినప్పుడు మీరు ఎవరి దయనూ అడగడం లేదు. 2010 నాటి సమానత్వ చట్టం ప్రకారం వైకల్యం ఉన్న సందర్శకుల కోసం సాధ్యమైన సర్దుబాట్లు చేయడం ఆ సంస్థల బాధ్యత. పాత కట్టడాలకు చట్టరక్షణ ఉంటుంది కనుక గోడ పగలగొట్టి లిఫ్టు పెట్టడం అన్నిచోట్లా కుదరదు. అది నిజమే. కానీ ముందుగా ఫోను చేసి అడిగితే కుదిరేవి చాలా ఉన్నాయి. మనవాళ్ళు ఆ ఫోనే చేయరు. దయచేసి చేయండి. "మా పాపకు ఆటిజం ఉంది. ఏ రోజు, ఏ వేళ జనం తక్కువగా ఉంటారు? కాసేపు ప్రశాంతంగా కూర్చునే చోటు ఉందా?" ఇంతే అడగండి. క్షమించమని మొదలుపెట్టకండి.

ఇక ఇంటి ఎంపిక. ఏది పేరున్న ఇల్లు, ఏది దగ్గర అని చూడకండి. మీ బిడ్డకు దేని మీద పిచ్చి ప్రేమ ఉందో చూడండి. స్విచ్చులు, లిఫ్టులు, నీళ్ళ పైపులంటే ప్రాణం పెట్టే పిల్లలు నా తరగతిలో ఎప్పుడూ ఉంటారు. అలాంటివారి కోసమే కట్టినట్టుంటుంది నార్తంబర్‌ల్యాండ్‌లోని క్రాగ్‌సైడ్. విలియం ఆర్మ్‌స్ట్రాంగ్ అనే ఇంజినీరు 1878లోనే తన చెరువు నీటితో కరెంటు పుట్టించి ఆ ఇంట్లో దీపం వెలిగించాడు. నీటి ఒత్తిడితో నడిచే లిఫ్టు కూడా పెట్టించాడు. జంతువులంటే ఇష్టమైతే డెర్బీషైర్‌లో కాల్క్ అబీ ఉంది. గదుల నిండా గడ్డి కూరిన పక్షులు, జంతువుల తలలు, కొమ్ములు. వాటికి భయపడే పిల్లలూ ఉంటారు, కనుక ముందు ఫోటోలు చూపించండి. ఆ ఇంటికి 1962 దాకా కరెంటే లేదు. రంగులు రాలిన గోడలను బాగుచేయకుండా అలాగే ఉంచారు. అన్నీ మెరుస్తూ ఉండాలన్న బెంగ లేని ఇల్లు కావడంతో నాకు అది ఇష్టం.

చిన్న పిల్లలైతే ఐల్ ఆఫ్ వైట్‌లో ఆస్‌బోర్న్ హౌస్. విక్టోరియా రాణి పిల్లల కోసం 1850లలో స్విస్ కాటేజ్ అని ఒక చెక్క ఇల్లు కట్టించారు. అందులో పిల్లల ఎత్తుకు సరిపోయే వంటగది ఉంది. ఒక్కొక్కరికి ఒక్కో తోట మడి, ఒక్కో చక్రాల తోపుడుబండి, దాని మీద వారి పేరులోని అక్షరాలు. తన పేరు గుర్తుపట్టడం అప్పుడప్పుడే నేర్చుకుంటున్న బిడ్డకు ఆ బండి ఆ భవంతిలోని దర్బారు హాలు కంటే గొప్పది.

మనకు దగ్గరలో ఉన్నది ఆస్టర్‌లీ. హౌన్స్‌లోలో ఉన్నవారికి పక్క వీధి లెక్క, స్లౌ నుంచి కూడా తేలిక. దీని గురించి కాస్త వివరంగా చెబుతాను, మీలో చాలామంది మొదట అక్కడికే వెళ్తారని.

నాలుగు మూలలా బురుజులున్న ఎర్ర ఇటుకల ఇల్లు. 1570లలో థామస్ గ్రెషమ్ అనే వ్యాపారి కట్టించాడు. తరువాత చైల్డ్ అనే బ్యాంకర్ల కుటుంబం కొన్నది. 1760లలో రాబర్ట్ ఆడమ్ అనే ప్రఖ్యాత వాస్తుశిల్పి దాన్ని తిరగ రూపొందించాడు. 1949లో నేషనల్ ట్రస్ట్ చేతికి వచ్చింది. ఎదురుగా పెద్ద స్తంభాలు, వాటి దగ్గరికి ఎక్కే వెడల్పాటి రాతి మెట్లు. వచ్చిన అతిథి ఆ మెట్లెక్కి లోపలికి అడుగుపెట్టగానే నోరు తెరవాలన్నది కట్టినవారి ఉద్దేశం. వీల్‌చైర్‌లో ఉన్న బిడ్డకు ఆ మెట్లే గోడ. ఏ అంతస్తు దాకా వెళ్ళగలరు, ఏ తలుపు నుంచి వెళ్ళాలి అన్నది బయలుదేరే ముందే వాళ్ళ వెబ్‌సైటులో చూడండి, ఫోనులోనూ అడగండి. ఏర్పాట్లు మారుతుంటాయి.

ఆ ఇంటి మీదుగా హీత్రో విమానాలు వెళ్తాయి. చాలా కిందుగా, చాలా తరచుగా. తోటను చీల్చుకుంటూ ఎం4 రహదారి ఉంది. శబ్దం పడని పిల్లలకు ఇది పెద్ద విషయం. చెవులకు పెట్టుకునే డిఫెండర్లు కారులోనే పెట్టండి, దిగాక వెతుక్కోకండి. విమానాలంటే ఇష్టమున్న పిల్లవాడైతే మాత్రం వాడికి లోపల ఏ గదీ అక్కరలేదు, చెరువు గట్టున కూర్చుని విమానాలు చూస్తాడు. చూడనివ్వండి. అది కూడా ఆస్టర్‌లీ చూడడమే.

లోపలికి వెళ్ళేవారికి నా సలహా, వంటింటి వైపు నుంచి వెళ్ళండి. ఆస్టర్‌లీలో కింది అంతస్తులో పాత వంటగది ఉంది. ఈ కంట్రీ హౌస్‌లన్నీ రెండు ఇళ్ళుగా కట్టినవి. దొరలు తిరిగేది ఒకటి, పనివాళ్ళు తిరిగేది ఒకటి. దొరల వైపు పట్టు పరదాలు, బంగారు పూత, తాడు కట్టిన కుర్చీలు. పనివాళ్ళ వైపు రాతి నేల, దిట్టమైన బల్లలు, పొయ్యిలు, గిన్నెలు. మన పిల్లల చేతికి, కాలికి, కంటికి అందేది ఈ రెండో వైపే. వంటగది అంటే ఏమిటో వాళ్ళకు తెలుసు. "ఇక్కడ అన్నం వండేవారు" అంటే ఏ బిడ్డకైనా అర్థమవుతుంది. "ఇది నియోక్లాసికల్ శైలి" అంటే మనకే సరిగా అర్థం కాదు. వేల్స్‌లో ఎర్డిగ్ అనే ఇంటిలో సందర్శకులను పనివాళ్ళ ఆవరణ వైపు నుంచే లోపలికి తీసుకువెళ్తారు. అక్కడి యజమానులు తమ పనివాళ్ళ చిత్రాలు గీయించి, వాళ్ళ మీద పద్యాలు రాసి గోడలకు పెట్టుకున్నారు. అన్ని ఇళ్ళూ ఆ దారిలోనే మొదలైతే ఎంత బాగుండు అనిపిస్తుంది.

వంటగది అయ్యాక పిల్లలకు ఓపిక ఉంటే పైన ఒక్క గది. ఒక్కటే. ఆస్టర్‌లీలో అయితే లాంగ్ గ్యాలరీ అని నేను చెబుతాను. దాదాపు నలభై మీటర్ల పొడవున్న గది. వాన పడే రోజుల్లో దొరసానులు లోపలే నడవడానికి ఇలాంటి గదులు వాడేవారు. అంటే నడక కోసం ఉన్న గది! ఒకచోట కూర్చోలేని బిడ్డను ఇంతకంటే మంచి చోటికి ఎక్కడికి తీసుకువెళ్తాం? చేయి పట్టుకుని ఈ చివర నుంచి ఆ చివరకు, మళ్ళీ వెనక్కి, పది సార్లు నడవండి. గోడ మీది బొమ్మలు చూడకపోతే పోనివ్వండి.

అమ్మమ్మలు, తాతయ్యలు వేసవిలో వస్తారు కదా, వాళ్ళూ వెంట ఉంటే వాళ్ళకు చూపడానికి ఇక్కడ ఒకటుంది. ఆ కుటుంబం చైనాలో చేయించి తెప్పించుకున్న లక్క సామాను. చైనాలో చెక్కి రంగులు నింపిన ఒక రకం లక్క పనిని ఇక్కడ కోరమాండల్ అంటారు. చైనా సరుకు మన కోరమండల తీరపు రేవుల మీదుగా యూరపుకు రావడంతో ఆ పేరు పడింది. అదే తీరంలో మన మచిలీపట్నంలో 1611లోనే ఇంగ్లిషువాళ్ళు వర్తక స్థావరం పెట్టారు. చైల్డ్ కుటుంబంలో ఈస్ట్ ఇండియా కంపెనీ డైరెక్టర్లు కూడా ఉన్నారు. ఈ వైభవానికి డబ్బు ఎక్కడి నుంచి వచ్చిందో తాతగారు మనవడి అన్నకో చెల్లికో చెప్పవచ్చు. తోబుట్టువులకు కూడా ఆ రోజున వారి వంతు దక్కాలి. వాళ్ళ సంగతి మనం తరచూ మరచిపోతాం.

పెద్దవాళ్ళు వెంట ఉన్నప్పుడు ఇంకో మాట. "ఇంకా మాటలు రాలేదా", "కాస్త గట్టిగా చెబితే వింటాడు కదా" వంటి వ్యాఖ్యలు కారులోనే ఆపించండి. గౌరవంగానే చెప్పండి, కానీ చెప్పండి. దారిలో తల్లి కన్నీళ్ళు మింగుకుంటే ఆ రోజంతా బిడ్డ మీద పడుతుంది. సంఘాల తరఫున బస్సు కట్టుకుని యాభై మంది కలిసి వెళ్ళే యాత్రలు కూడా ఈ పిల్లలకు పనికిరావు. రెండు కుటుంబాలు, మహా అయితే మూడు.

ఇప్పుడు ముట్టుకోవడం గురించి. పాత పట్టు, పాత చెక్క, పాత కాగితం మన వేళ్ళ జిడ్డుకు, చెమటకు పాడవుతాయి. వెలుతురుకు కూడా పాడవుతాయి. అందుకే బట్టలు, తివాచీలు ఉన్న గదుల్లో తెరలు దించి, సుమారు 50 లక్స్, అంటే మసక వెలుతురే ఉంచుతారు. ఎండలోంచి అలాంటి గదిలోకి అడుగుపెడితే పిల్లలు జడుసుకుంటారు. గుమ్మం దగ్గరే ఒక నిమిషం ఆగి, కళ్ళు అలవాటు పడ్డాక కదలండి. ముట్టుకోవద్దని పదిసార్లు అనే బదులు ముట్టుకోవడానికి ఏదో ఒకటి చేతిలో పెట్టండి. నేను పట్టుగుడ్డ ముక్క ఒకటి, నున్నటి చెక్క ముక్క ఒకటి, చిన్న ఇత్తడి గంటె ఒకటి సంచిలో వేసుకువెళ్తాను. పట్టు మంచం చూస్తున్నంతసేపు చేతిలో పట్టుగుడ్డ ఉంటే తాడు అవతలికి చేయి సాగదు.

ఈ ఇళ్ళలో నాకెంతో నచ్చే పద్ధతి ఒకటుంది. కూర్చోకూడని కుర్చీ మీద "కూర్చోవద్దు" అని బోర్డు పెట్టరు, ఒక పైన్ కాయ పెడతారు. లేదంటే ముళ్ళున్న ఎండు పూలగుత్తి. మాటలు రాని, చదవలేని ఒక అబ్బాయి మా బడి నుంచి వచ్చాడు, తొమ్మిదేళ్ళవాడు. మొదటి కుర్చీ దగ్గర ఆగాడు. వంగి పైన్ కాయను చూశాడు. దాని పొలుసులను తాకకుండా, వేలిని గాలిలోనే ఒక్కో పొలుసు మీదుగా తిప్పాడు. తరువాత గది అంతా తిరిగి పైన్ కాయ ఉన్న కుర్చీలన్నిటినీ వరుసగా చూసుకుంటూ వెళ్ళి, కాయ లేని కుర్చీ దగ్గరికి వచ్చి నా వైపు తిరిగాడు. కూర్చోవచ్చా అని అడుగుతున్నాడు! గదిని చూసుకునే వాలంటీరు పెద్దాయన లేచి, "కూర్చో నాయనా, అది నీకే" అన్నట్టు చేయి చూపించారు. ఆ గదికి వచ్చిన పెద్దలెవరూ అంత శ్రద్ధగా అక్కడి నియమాన్ని చదివి ఉండరు. "మా వాడికి అక్కడ ఏం అర్థమవుతుంది" అని అడిగేవారికి నేను ఈ అబ్బాయి సంగతే చెబుతాను.

ఇంటి దగ్గర చేయవలసిన తయారీ పెద్దదేమీ కాదు. సోషల్ స్టోరీ మీ అందరికీ తెలుసు, జరగబోయేదాన్ని బిడ్డకు చిన్న కథలా ముందే చెప్పడం, అమెరికాలో కెరొల్ గ్రే అనే ఉపాధ్యాయురాలు 1990ల ఆరంభంలో మొదలుపెట్టిన పద్ధతి. వెళ్ళబోయే ఇంటి ఫోటోలు నాలుగు తీసుకుని కథలా చేయండి. కారు, గేటు, వంటగది, కేకు. చాలా ఇళ్ళు ఇలాంటివి సొంతంగానే తయారుచేసి వెబ్‌సైటులో పెడుతున్నాయి. చివరి బొమ్మ మాత్రం తప్పకుండా ఇంటికి తిరిగి వచ్చేదై ఉండాలి. ఎప్పుడు అయిపోతుందో తెలియకపోవడమే మన పిల్లలను ఎక్కువగా బాధపెడుతుంది. కొత్తచోట కొత్త తిండి పెట్టకండి. పెరుగన్నం తినే బిడ్డకు పెరుగన్నమే తీసుకువెళ్ళండి, తోటలో చాప పరుచుకుని పెట్టండి. ఎవరూ ఏమీ అనరు.

కంటికి కనిపించని వైకల్యం ఉందని తెలపడానికి మెడలో వేసుకునే, ఆకుపచ్చ పట్టీ మీద పొద్దుతిరుగుడు పూలుండే సన్‌ఫ్లవర్ లాన్యార్డ్ 2016లో గాట్విక్ విమానాశ్రయంలో మొదలైంది. ఇప్పుడు చాలాచోట్ల సిబ్బంది గుర్తుపడతారు. వేయాలా వద్దా అన్నది మీ ఇష్టం, మీ బిడ్డ ఇష్టం. పార్కింగుకు బ్లూ బ్యాడ్జి 2019 నుంచి ఇంగ్లండ్‌లో కంటికి కనిపించని వైకల్యాలకూ ఇస్తున్నారు. మీలో ఇంకా దరఖాస్తు పెట్టనివారుంటే ఈ వారమే పెట్టండి.

టాయిలెట్ల సంగతి ఎవరూ సభలో మాట్లాడరు. నేను మాట్లాడతాను. పెద్దపిల్లలకు డైపర్ మార్చవలసి వచ్చే తల్లులు ఇక్కడున్నారు. మామూలు వికలాంగుల టాయిలెట్టులో పన్నెండేళ్ళ బిడ్డను పడుకోబెట్టే చోటు ఉండదు, నేల మీద పడుకోబెట్టవలసి వస్తుంది. అది ఏ తల్లికీ రాకూడదు. పెద్దవాళ్ళ కొలతకు సరిపోయే బల్ల, పైకెత్తే హాయిస్టు ఉన్న గదులను చేంజింగ్ ప్లేసెస్ అంటారు, 2006 నుంచి దీని కోసం ఉద్యమం నడుస్తోంది. కంట్రీ హౌస్‌లలో కొన్నిటికే ఉన్నాయి. ఉన్న ఇల్లు చూసుకుని వెళ్ళండి. లేని ఇంటికి ఉత్తరం రాయండి, ఎందుకు లేదని అడగండి. అడిగేవారు లేకపోతే ఏదీ రాదు.

ప్రశ్నలున్నాయా? చెప్పండమ్మా.

బిడ్డ మధ్యలో అరిచి ఏడిస్తే ఏం చేయాలని అడుగుతున్నారు. బయటికి తీసుకురండి, అంతే. అందుకే వెళ్ళగానే బయటికి దగ్గరి దారి ఏదో వాలంటీరును అడిగి ఉంచుకోండి. పది నిమిషాలకే తిరిగి రావలసి వచ్చినా అది వృథా కాదు. మరుసటిసారి ఆ పది నిమిషాలు వాడికి తెలిసిన చోటే అవుతుంది. టికెట్టు డబ్బులు పోయాయన్న బాధతో మళ్ళీ లోపలికి లాక్కుపోకండి. ఒకే ఇంటికి మళ్ళీ మళ్ళీ వెళ్ళాలి కనుకనే నేను ఏడాది సభ్యత్వం మంచిదంటాను.

వెనక నుంచి అడుగుతున్నారు, మా అబ్బాయికి పంతొమ్మిదేళ్ళు, ఇవన్నీ చిన్నపిల్లలకేనా అని. కాదండీ. నేషనల్ ట్రస్ట్ ఎసెన్షియల్ కంపానియన్ కార్డు అని ఇస్తుంది. దానికి వయసుతో పని లేదు. ఆ కార్డు మీ అబ్బాయి పేరు మీద ఉంటుంది, మీ పేరు మీద కాదు. తోడు వచ్చేవారికి టికెట్టు అక్కరలేదు. ఈ వారం మీరు వెళ్ళవచ్చు, వచ్చే నెల వాడి అక్క వెళ్ళవచ్చు, పదేళ్ళ తరువాత వాడిని చూసుకునే మనిషి ఎవరైతే వారు వెళ్ళవచ్చు. ఎవరితో వెళ్ళాలన్నది వాడే తేల్చుకుంటాడు. దరఖాస్తు ఎలా పెట్టాలో ఆ బల్ల దగ్గర చూపిస్తాను, టీ తాగుతూ రండి.